ముందు ఉప్పు తీయండి, ఆ తర్వాతే కరెంటు పెట్టండి

"సముద్రపు నీటి నుంచి నేరుగా హైడ్రోజన్" అనే వార్త ఏడాదికి నాలుగైదుసార్లైనా కంటబడుతుంది. ప్రయోగశాల మారుతుంది, ఉత్ప్రేరకం పేరు మారుతుంది, చెప్పే మాట మాత్రం ఒకటే: ఇక మంచినీటితో పనిలేదు, సముద్రంలో రెండు పలకలు ముంచి కరెంటు పెడితే చాలు. అనకాపల్లి జిల్లా తీరంలోని పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో నీటిని చీల్చి తీసే హైడ్రోజన్) హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పక్కనే అంత సముద్రం ఉండగా ఇంకేం కావాలి అని ఈ వార్త చదివినవాళ్లకు అనిపించడం సహజమే.

సూటిగా చెబుతాను. సముద్రపు నీళ్లు వాడి హైడ్రోజన్ తీయాల్సిందే. కానీ సముద్రపు నీళ్లను ఉన్నపళంగా, కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ కింద చీల్చే ఎలక్ట్రోలైజర్‌లోకి పంపకూడదు. ముందు ఉప్పు తీసి, డీఎం వాటర్ (లవణాలన్నీ తీసేసిన నీరు) స్థాయికి శుద్ధి చేసి, అప్పుడు కరెంటు పెట్టాలి. ఆ శుద్ధిని ఎగ్గొట్టడానికి జరుగుతున్న శ్రమ చాలావరకు రూపాయిలో పైసా మిగల్చడానికి రూపాయి పోగొట్టుకునే దారి. ఎందుకంటున్నానో లెక్కతోనే మొదలుపెడతాను.

కిలో హైడ్రోజన్‌కు ఎన్ని నీళ్లు

కిలో హైడ్రోజన్‌కు రసాయన సమీకరణం ప్రకారం 9 లీటర్ల నీళ్లు సరిపోతాయి. ఆవిరిగా పోయేది, వాయువులతో తడిగా వెళ్లేది కలుపుకుంటే 10 లీటర్లు. కూలింగ్‌కు వాడే నీళ్లు వేరు. వాటికి ఇంత స్వచ్ఛత అక్కర్లేదు, సముద్రపు నీళ్లే నడుస్తాయి.

ఇప్పటి ఆర్వో ప్లాంట్లలో సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీళ్లు తీయడానికి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు పడుతుంది. రెండో విడత ఆర్వో, మిగిలిన కాస్త లవణాలు తీసే చివరి పాలిషింగ్ కలిపి 5 యూనిట్లు అనుకుందాం. అంటే 10 లీటర్లకు యూనిట్‌లో ఇరవయ్యో వంతు. అదే 10 లీటర్లను చీల్చి కిలో హైడ్రోజన్ తీయడానికి ఎలక్ట్రోలైజర్ మింగేది 50 నుంచి 55 యూనిట్లు. శుద్ధికి అయ్యేది అందులో వెయ్యో వంతు.

డబ్బుల్లో చూసినా అంతే. పాలిషింగ్‌తో సహా వెయ్యి లీటర్ల డీఎం నీళ్లకు 150 రూపాయలు వేసుకున్నా, కిలో హైడ్రోజన్‌కు నీటి ఖర్చు రూపాయిన్నర. కరెంటు యూనిట్ 4 రూపాయలకే దొరికినా 52 యూనిట్లకు 208 రూపాయలు. ఎలక్ట్రోలైజర్ మీద పెట్టిన పెట్టుబడి, దాని వడ్డీ దీనికి అదనం. 208 రూపాయల్లో రెండు శాతం తగ్గించగల ఇంజినీరు, నీటి ఖర్చు మొత్తాన్నీ సున్నా చేసిన శాస్త్రవేత్త కంటే ఎక్కువ మిగులుస్తాడు.

"గోదావరి, కృష్ణ నీళ్లన్నీ హైడ్రోజన్ తాగేస్తుంది" అనే భయం ఇంకొకటి ఉంది. దాన్నీ మనకు అలవాటైన కొలతలోనే చూద్దాం. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి పెట్టుకున్న లక్ష్యం ఏడాదికి 50 లక్షల టన్నులు. టన్నుకు 10 వేల లీటర్ల చొప్పున 5 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 1.8 టీఎంసీలు. దేశం మొత్తానికి, ఏడాది పొడవునా! విజయవాడ ప్రకాశం బ్యారేజీలో నిలిచే నీళ్లే 3 టీఎంసీలు. కూలింగ్, రిజెక్ట్ (శుద్ధిలో మిగిలిపోయే చిక్కటి ఉప్పునీరు) అన్నీ కలిపి దీన్ని మూడింతలు చేసుకున్నా దేశాన్ని ఎండగట్టేంత లెక్క కాదు. అయినా సముద్రపు నీళ్లే వాడాలని ఎందుకంటున్నానంటే, ప్లాంట్లు వచ్చేది తీరంలో. మే నెలలో ఆ చుట్టుపక్కల ఊళ్లు ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంటే వాళ్ల వాటాలోంచి ఒక్క లీటరు తీసినా తప్పే. రూపాయిన్నరతో తీరే సమస్య కోసం ఆ గొడవ పెట్టుకోవడం అనవసరం.

ఆనోడు దగ్గర ఏం జరుగుతుంది

సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో క్లోరైడే 19 గ్రాములు. ఆనోడు (ధన పలక) దగ్గర నీరు ఆక్సిజన్ కావాలి, కానీ పక్కనే ఉన్న క్లోరైడ్ క్లోరిన్ కావాలని చూస్తుంది. కాగితం మీద ఆక్సిజన్‌దే పైచేయి: దానికి 1.23 వోల్టులు చాలు, క్లోరిన్‌కు 1.36 కావాలి. అయితే ఒక ఆక్సిజన్ అణువు పుట్టడానికి నాలుగు ఎలక్ట్రాన్లు వరసగా కదలాలి, క్లోరిన్‌కు రెండు చాలు. కరెంటు పెంచేకొద్దీ ఆ సులువైన దారే గెలుస్తుంది.

దీనికి తెలిసిన విరుగుడు క్షారం కలపడం. పీహెచ్ 7.5 దాటితే క్లోరిన్ బదులు హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణంలో ఉండేది) పుడుతుంది, రెండు చర్యల మధ్య ఎడం దాదాపు 0.48 వోల్టులకు పెరుగుతుంది. ఆ ఎడంలోపల పనిచేసే ఉత్ప్రేరకం దొరికితే ఆక్సిజన్ మాత్రమే వస్తుంది. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నికెల్ సల్ఫైడ్ మీద నికెల్-ఐరన్ హైడ్రాక్సైడ్ పూతతో వెయ్యి గంటలకు పైగా నడిపి చూపించింది ఈ పద్ధతిలోనే. మంచి పనే. కానీ అక్కడ వాడింది కాస్టిక్ పొటాష్ అనే ఘాటైన క్షారం కలిపిన ఉప్పునీళ్లు. వార్తలో "సముద్రపు నీరు" అని ఉంటుంది, కాస్టిక్ పొటాష్ సంగతి ఉండదు.

ఆ కాస్టిక్ పొటాష్ ఏమవుతుందో చూడండి. నీళ్లు విడిపోతుంటే ఉప్పు లోపలే మిగిలిపోతుంది. 20 లీటర్ల సముద్రపు నీళ్లు లోపలికి పంపితే 10 లీటర్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా పోతాయి. రెట్టింపు ఉప్పుతో మిగిలిన 10 లీటర్లను బయటికి వదలాల్సిందే, లేకపోతే సెల్ ఉప్పుతో పూడుకుపోతుంది. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే ఒక మోలార్ ద్రావణంలో లీటరుకు 56 గ్రాముల కాస్టిక్ పొటాష్ ఉంటుంది. 10 లీటర్లు వదిలితే 560 గ్రాములు పోయినట్టే. రూపాయిన్నర ఖర్చయ్యే శుద్ధిని తప్పించబోయి కిలో హైడ్రోజన్‌కు అరకిలోకు పైగా కాస్టిక్ పొటాష్ సముద్రంలో పోస్తామన్నమాట. దాన్ని వదలకుండా తిరిగి రాబట్టాలంటే మళ్లీ ఉప్పు వేరుచేసే ప్లాంటే కావాలి. తప్పించుకోవాలనుకున్న పని తిరిగి ముందుకొచ్చి కూర్చుంటుంది.

"99 శాతం ఆక్సిజనే వచ్చింది" అని రాస్తే చాలా గొప్పగా అనిపిస్తుంది. కరెంటంతా క్లోరిన్‌కే పోతే కిలో హైడ్రోజన్‌కు 35 కిలోల క్లోరిన్ వస్తుంది. ఒక్క శాతం పోతే 350 గ్రాములు. పూడిమడక లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. ఆ ఒక్క శాతంతోనే రోజుకు 500 టన్నులకు పైగా క్లోరిన్, లేదా దానికి సరిపడా హైపోక్లోరైట్ చేతికొస్తుంది. ఎక్కడ పెడతారు? "క్లోరిన్ కూడా అమ్ముకోవచ్చు కదా" అనే వాదన కూడా ఇక్కడే ఆగిపోతుంది. 50 లక్షల టన్నుల హైడ్రోజన్‌తో పాటు పూర్తిగా క్లోరినే తీస్తే అది 17 కోట్ల టన్నులు దాటుతుంది. ప్రపంచమంతా కలిసి ఏడాదికి వాడే క్లోరిన్ ఇంచుమించు 10 కోట్ల టన్నులు.

కాథోడు మీద గార

క్లోరిన్ గురించి అందరూ రాస్తారు. ప్లాంటు నడిపేవాళ్లను ఎక్కువ ఏడిపించేది మాత్రం కాథోడు, అంటే రుణ పలక. హైడ్రోజన్ పుట్టేచోట నీరు క్షారంగా మారుతుంది. బయట నీటి పీహెచ్ 8 ఉన్నా పలకను ఆనుకున్న పలచటి పొరలో అది బాగా పెరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల కాల్షియం ఉన్నాయి. పీహెచ్ 9.5 దాటగానే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా విరిగి పలకకు అంటుకుంటుంది. చూడటానికి గీజరు కాయిల్ మీద పట్టే తెల్లటి గార లాగే ఉంటుంది, మొదట్లో మెత్తగా, రోజులు గడిచేకొద్దీ గట్టిగా. దాని కింద ఉత్ప్రేరకానికి నీరు అందదు, వోల్టేజీ పెరుగుతుంది, బుడగలు సరిగ్గా విడివడవు.

ముందే కాస్టిక్ కలిపి ఈ మెగ్నీషియాన్ని బయటే దించేస్తే? లీటరు సముద్రపు నీటికి 3 గ్రాముల తెల్లటి బురద వస్తుంది. కిలో హైడ్రోజన్‌కు 20 లీటర్ల లెక్కన 60 గ్రాములు. రోజుకు 1,500 టన్నుల ప్లాంటులో ఎండబెట్టి తూచినా 90 టన్నులు, తడిగా ఇంకా చాలా ఎక్కువ. దాన్ని వడకట్టాలి, లారీలకు ఎత్తాలి, ఎక్కడో పోయాలి.

పెమ్ రకం ఎలక్ట్రోలైజర్ అయితే ఇంకా సున్నితం. అందులో ప్రోటాన్లను దాటించే పొరలోని సల్ఫోనిక్ గుంపులు సోడియాన్ని, కాల్షియాన్ని పట్టుకుని వదలవు. ప్రోటాన్ కూర్చోవాల్సిన చోట కాల్షియం కూర్చుంటుంది. అందుకే దానికి ఇచ్చే నీటి కండక్టివిటీ (లవణాలు ఎంత మిగిలాయో చూపే కొలత) సెంటీమీటరుకు 1 మైక్రోసీమెన్స్ లోపు ఉండాలంటారు, 0.1 దగ్గర ఉంటే ఇంకా మంచిది. ఆర్వో మొదటి విడత దాటిన నీటిలో లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల లవణాలు ఇంకా మిగులుతాయి. రెండో విడత ఆర్వో, ఆపైన కరెంటుతో లవణాలను లాగేసే ఎలక్ట్రోడీఅయనైజేషన్ ఉండేది ఆ మిగులు కోసమే. ఏ థర్మల్ కేంద్రం డీఎం ప్లాంటులో పనిచేసినవాళ్లకైనా ఇదంతా కొట్టినపిండి.

ఈ పని ఇప్పటికే చేస్తున్నవాళ్లున్నారు

సముద్రపు నీటిని శుద్ధి లేకుండా విద్యుద్విశ్లేషణ చేయడం కొత్త ఊహేమీ కాదు. తీరప్రాంత థర్మల్, అణు విద్యుత్ కేంద్రాల్లో ఎలక్ట్రోక్లోరినేషన్ యూనిట్లు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. కూలింగ్ పైపుల్లో నత్తగుల్లలు, నాచు పట్టకుండా హైపోక్లోరైట్ కావాలి. సముద్రపు నీటిని మామూలు వడపోత తర్వాత రుథేనియం ఆక్సైడ్ పూసిన టైటానియం పలకల మధ్య నుంచి పంపి దాన్ని అక్కడికక్కడే తయారుచేసుకుంటారు. హైడ్రోజన్ పక్క సరుకుగా వస్తుంది. దాన్ని ఎవరూ పట్టి దాచరు. బ్లోయర్లతో గాలి కొట్టి, మండే హద్దు అయిన 4 శాతానికి చాలా కిందికి పలచన చేసి, పైకి వదిలేస్తారు.

ఆ యంత్రాలకు కిలో క్లోరిన్‌కు 4 నుంచి 5 యూనిట్ల కరెంటు పడుతుంది. కరెంటులో కొంత ఆక్సిజన్‌కు పోతుందని సర్దుకుని చూసినా, కిలో హైడ్రోజన్‌కు లెక్క 100 యూనిట్ల చుట్టుపక్కల, ఆపైన తేలుతుంది. శుద్ధి చేసిన నీటితో అయ్యేదానికి రెండింతలు. దీనికితోడు కాథోడు మీద గార పట్టినప్పుడల్లా యూనిట్ ఆపి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని గంటల తరబడి తిప్పి కడగాలి. క్లోరిన్ కావాల్సినవాళ్లు ఆ కష్టం భరిస్తారు. హైడ్రోజన్ కోసం భరించాల్సిన అవసరం లేదు.

కాస్టిక్ సోడా పరిశ్రమ ఇంకా పెద్ద సాక్ష్యం. మన కర్నూలులో, తూర్పు గోదావరి బలభద్రపురంలో ఈ ఫ్యాక్టరీలున్నాయి. ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేయడంలో ఈ పరిశ్రమకు ప్రపంచవ్యాప్తంగా వందేళ్లకు పైబడిన అనుభవం ఉంది. వాళ్లకు కావాల్సిందే క్లోరిన్. అయినా మెంబ్రేన్ సెల్‌లోకి పంపే ముందు ఆ ఉప్పునీటిలో కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి వందకోట్ల పాళ్లలో 20 పాళ్లు దాటకుండా రెజిన్లతో తీసేస్తారు. ఉప్పే ముడిసరుకైనవాళ్లు దాన్ని అంత శుద్ధి చేసుకుంటుంటే, ఉప్పు అక్కర్లేని మనం మురికితో సహా లోపలికి పంపుదామనడం నాకు అర్థం కాదు.

చైనా తెప్ప

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ కొట్టగలిగేది చైనా శాస్త్రవేత్త షియె హెపింగ్ బృందం పని. 2022 నవంబరులో వచ్చిన వాళ్ల పరిశోధనలో గంటకు 386 లీటర్ల హైడ్రోజన్ చొప్పున 3,200 గంటలకు పైగా సముద్రపు నీటితో నడిపారు. 2023లో ఫుజియాన్ తీరంలోని షింగ్‌హువా అఖాతంలో ఒక తెప్ప మీద గంటకు 1.2 ఘనపు మీటర్ల చొప్పున పది రోజులు నడిపారు. అలల్లో, గాలిలో నిలబడింది. దీన్ని తీసిపారేయలేం.

కానీ దాని లోపల జరిగేది గమనించండి. సముద్రపు నీటికీ, సెల్‌లోని చిక్కటి కాస్టిక్ పొటాష్‌కూ మధ్య నీరు తడపలేని, ఆవిరిని మాత్రం దాటనిచ్చే సన్నటి పొర ఉంటుంది. కాస్టిక్ పొటాష్ మీద ఆవిరి పీడనం తక్కువ. ఆ తేడా వల్ల సముద్రం వైపు నుంచి నీరు ఆవిరై పొర దాటి ఇటు కలుస్తుంది. ఎంత నీరు విడిపోతే అంతే లోపలికి వస్తుంది, ప్రత్యేకంగా పంపు చేయనక్కర్లేదు. చాలా తెలివైన ఏర్పాటు. కరెంటు తగిలేది మాత్రం సముద్రపు నీటికి కాదు, ఆవిరై ఉప్పు వదిలేసి వచ్చిన నీటికి. అంటే వాళ్లు కూడా ఉప్పు తీశారు, ఎలక్ట్రోలైజర్ లోపలే తీశారు. నా మాటకు ఇది ఎదురు కాదు, బలం. ఫ్రాన్స్‌లో లె క్రోయిసిక్ తీరానికి దూరంగా 2023లో లైఫ్ కంపెనీ నడిపిన సీలైఫ్ తెప్ప మీద 1 మెగావాట్ ఎలక్ట్రోలైజర్ ఉంది. అది కూడా సముద్రపు నీటిని శుద్ధి చేసుకునే వాడింది.

ఆ పొర పద్ధతి పెద్ద ప్లాంట్లకు ఎదగగలదా అన్న దగ్గర నాకు అనుమానముంది. ఆవిరి పీడనాల తేడా చిన్నది, కాబట్టి పొర విస్తీర్ణం చాలా కావాలి. నూనె తెట్టో, సబ్బులాంటి పదార్థమో తగిలితే పొర తడిసిపోయి ఉప్పు లోపలికి జారుతుంది. ఓడరేవుల పక్క నీటిలో ఈ రెండూ ఉంటాయి. పైగా పొర చెడిపోతే దాంతోపాటు ఎలక్ట్రోలైజర్ కూడా ఆగాలి. విడిగా ఆర్వో ఉంటే దాన్ని ఆపి బాగుచేస్తున్నంతసేపు ట్యాంకులో నీళ్లు ఆదుకుంటాయి. ఎలక్ట్రోలైజర్ స్టాక్ (పలకలు, పొరల దొంతర) 60 వేల నుంచి 80 వేల గంటలు నడవాలని కొనేవాళ్లు అడుగుతున్న రోజుల్లో, రెండు సమస్యలను ఒకే పెట్టెలో మూయడం మంచి ఇంజినీరింగ్ కాదు.

ఒక్కచోట మాత్రం నా పట్టు సడలిస్తాను. మెగ్నీషియం హైడ్రాక్సైడే కావాలనుకునేవాళ్లున్నారు. ఈక్వాటిక్ అనే సంస్థ సముద్రపు నీటిని నేరుగా విద్యుద్విశ్లేషణ చేసి, ఆ క్షారంతో కార్బన్ డయాక్సైడ్‌ను బంధించే పని పెట్టుకుంది. వాళ్లకు హైడ్రోజన్ పక్క సరుకు. అక్కడ లెక్క వేరు, క్లోరిన్ పుట్టనివ్వని ఆనోడు నిజంగా అవసరం. ఐఐటీ మద్రాసులో సముద్రపు నీటి కోసం చేస్తున్న ఉత్ప్రేరకాలు, సెల్యులోజ్‌తో చేసిన సెపరేటర్ (రెండు వాయువులు కలవకుండా ఆపే పొర) లాంటివి కూడా వృథా అనను. శుద్ధిలో ఎప్పుడైనా తేడా వచ్చి కాస్త క్లోరైడ్ లోపలికి జారినా తట్టుకునే స్టాక్ మంచిదే కదా. నా అభ్యంతరమల్లా వాటిని "ఇక శుద్ధి అక్కర్లేదు" అని ప్రచారం చేయడం మీదే.

అడగాల్సిన ప్రశ్నలు

పూడిమడక లెక్కకే వస్తాను. రోజుకు 1,500 టన్నులకు 1.5 కోట్ల లీటర్ల శుద్ధ జలం కావాలి. చెన్నై దగ్గర నెమ్మేలిలో 2024లో మొదలైన ప్లాంటు ఒక్కటే రోజుకు 15 కోట్ల లీటర్ల మంచినీళ్లిస్తుంది. దానిలో పదోవంతు. అదే హైడ్రోజన్‌కు కరెంటు మాత్రం రోజుకు 7.8 కోట్ల యూనిట్లు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా 3,250 మెగావాట్లు. కష్టం ఎక్కడుందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

శుద్ధిలో చిక్కులు లేవని కాదు. అవి వేరే చోట ఉన్నాయి. తుపాను తర్వాత, నదుల వరద తర్వాత బంగాళాఖాతం నీరు మట్టితో చిక్కబడుతుంది. అల్ట్రాఫిల్ట్రేషన్, దానికి ముందు తేల్చి తీసే వ్యవస్థ సరిగ్గా లేకపోతే ఆర్వో పొరలు వారాల్లో మూసుకుపోతాయి. ఇన్‌టేక్‌లో నాచు పట్టకుండా వేసే క్లోరిన్‌ను పొరల ముందు బైసల్ఫైట్‌తో పూర్తిగా చంపాలి. ఆ డోసింగ్ పంపు ఆగినా ఎవరూ గమనించకపోతే పాలిఅమైడ్ పొరకు మళ్లీ బాగుపడనంత దెబ్బ తగులుతుంది. ఇక రిజెక్ట్. 40 శాతం రికవరీ (తోడిన నీటిలో మంచినీరుగా వచ్చే వాటా) మీద 1.5 కోట్ల లీటర్లు రావాలంటే 3.75 కోట్ల లీటర్లు తోడాలి. లీటరుకు 58 గ్రాముల ఉప్పుతో 2.25 కోట్ల లీటర్లు రోజూ సముద్రంలోకే పోతాయి. ఉప్పు ఎక్కువైన నీరు బరువు, అడుక్కి దిగి పరుచుకుంటుంది. పూడిమడక మత్స్యకారుల ఊరు. ఆ గొట్టం తీరానికి ఎన్ని మీటర్ల దూరంలో, ఎంత లోతులో తెరుచుకుంటుంది, చివర ఎన్ని నాజిళ్ల డిఫ్యూజర్ పెడతారు, రిజెక్ట్‌తో పాటు ఏ రసాయనాలు వెళతాయి అన్న వివరాలు పని మొదలవకముందే ఆ ఊళ్లో తెలుగులో చదివి వినిపించాలి. కొత్త ఉత్ప్రేరకం కంటే ఇదే వాళ్ల బతుకుకు ముఖ్యం.

పరిశోధనకు డబ్బు పెట్టాలనుకునేవాళ్లకు నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. ఎలక్ట్రోలైజర్‌కు ఇచ్చే 52 యూనిట్లలో హైడ్రోజన్‌లో నిలిచేది 39.4. మిగతా 12కు పైచిలుకు వేడిగా పోతుంది. ఏసీ కరెంటును డీసీ చేసే రెక్టిఫయర్ దగ్గర పోయేది తీసేసినా 10 యూనిట్ల వేడి 70 డిగ్రీల దగ్గర చేతికి దొరుకుతుంది. లీటరు నీటిని ఒకే దశలో ఆవిరి చేయడానికి నష్టాలతో కలిపి 0.7 యూనిట్ వేసుకుంటే, 10 లీటర్లకు 7 యూనిట్లు. అంటే కూలింగ్ టవర్‌లో పారబోసే వేడే ఎలక్ట్రోలైజర్‌కు కావాల్సిన నీళ్లను తయారుచేయగలదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి, సముద్రపు పైపొరకూ లోతు నీటికీ ఉన్న 15 డిగ్రీల తేడాతోనే, పీడనం తగ్గించి ఆవిరి చేసి రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లు తీసి చూపించింది. ఎలక్ట్రోలైజర్ వేడికీ సముద్రపు నీటికీ మధ్య మనకున్నది 40 డిగ్రీల తేడా.

1 మెగావాట్ ఎలక్ట్రోలైజర్‌తో మొదలుపెట్టవచ్చు. గంటకు 19 కిలోల హైడ్రోజన్, 190 లీటర్ల నీళ్లు, 190 కిలోవాట్ల వేడి, అందులో వాడుకునేది 135. ఇబ్బంది పొద్దున్నే వస్తుంది. సోలార్ మీద నడిచే ప్లాంటులో తెల్లవారి స్టాక్ చల్లగా ఉంటుంది, నీళ్లు ముందు కావాలి, వేడి తర్వాత వస్తుంది. అందుకు ముందురోజు నీళ్లు నిలవ ఉంచే ట్యాంకు ఉండాలి. ఆరు గంటల పనికి 1,200 లీటర్లు, మేడల మీద కనిపించే పెద్ద నల్ల ట్యాంకంత. కాకపోతే డీఎం నీరు గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, కండక్టివిటీ పెరుగుతుంది, ఆల్కలైన్ స్టాక్ అయితే కాస్టిక్ పొటాష్ మెల్లగా కార్బొనేట్ అవుతుంది. కాబట్టి ట్యాంకు పైభాగాన నైట్రోజన్ నింపి ఉంచాలి, స్టాక్ ముందు మిగిలిన అయాన్లను పట్టేసే మిక్స్‌డ్ బెడ్ రెజిన్ ఒకటి పెట్టాలి.